చిన్న అంగడి, చేతి ఫోను: మితవ్యయంతో మేలైన ప్రకటన
(ప్లాటినం జూబిలీ సభలో పూర్వ విద్యార్థులనూ, తల్లిదండ్రులనూ ఉద్దేశించిన ప్రసంగ పాఠం)



జార్జి టౌనులో తెలుగు బడి తెలుగు అంగడి నీడలో పెరిగిన చెట్టు. గోడౌను వీధిలో వస్త్రాలు అమ్మినవారు, ఆండర్సన్ వీధిలో కాగితాలు, శుభలేఖలు అమ్మినవారు తమ పిల్లలను ఇక్కడి తెలుగు పాఠశాలలలో చేర్పించారు. అంగడి మూతపడితే ఆ కుటుంబం వేరొక పేటకు తరలుతుంది. ఆ ఇంటి బిడ్డ పేరు హాజరు పట్టీ నుండి తొలగుతుంది. అందుచేత చిన్న వర్తకుని మనుగడ పాఠశాలకు పరాయి విషయం కాదు. నేడు కొనుగోలుదారు ఇంటి గడప దాటకుండానే ఫోనులో సరుకు ఎంచుకుంటున్నాడు. పెద్ద సంస్థలు ప్రకటనలకు కోట్లు వెచ్చిస్తున్నాయి. ఆ శక్తి లేని వర్తకుడు తన మాటను నలుగురికీ వినిపించేది ఎట్లా?

ఈ ప్రశ్నకు ఈ పేటలోనే ఒక జవాబు ఉన్నది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం తయారీ ప్రారంభించారు. అప్పటికి అది ఎవరూ ఎరుగని మందు. సంగీత సభలకు వచ్చినవారికి ఆయన దానిని ఉచితంగా పంచిపెట్టారు. తలనొప్పి ఉన్నవాడు అక్కడే రాసుకొని గుణం చూసుకున్నాడు, ఇంటికి వెళ్ళి ఇరుగుపొరుగుకు చెప్పాడు. ఆ వ్యాపార లాభమే ఆంధ్రపత్రికకు ఆధారమైనది. 1908లో బొంబాయిలో వారపత్రికగా పుట్టిన ఆ పత్రిక, 1914లో మద్రాసు చేరి దినపత్రికయై, తంబుచెట్టి వీధి నుండి తెలుగు నాడంతటా వ్యాపించింది. లోధ్ర ఔషధంతో పేరు గడించిన డాక్టర్ కె. ఎన్. కేసరిగారు సైతం 1928లో గృహలక్ష్మి పత్రికను స్థాపించారు. మైలాపూరులో ఆయన పేరిట పాఠశాల వెలసింది.

పంతులుగారి పద్ధతిలో మూడు సూత్రాలున్నవి. సరుకు ఎవరికి అవసరమో వారున్న చోటికే వెళ్ళడం మొదటిది. మాటలతో పొగడక గుణాన్ని కళ్ళకు కట్టించడం రెండవది. సంతృప్తి చెందిన మనిషి నోటనే తక్కిన ప్రచారం జరగనివ్వడం మూడవది. నేటి వీడియో ప్రకటనకు పునాదులు కూడా ఇవే.

ఒకప్పుడు ఈ అవకాశం చిన్నవారికి లేదు. వివిధభారతిలో 1967లోనూ, దూరదర్శన్‌లో 1976లోనూ వ్యాపార ప్రకటనలు మొదలైనవి. వాటి రుసుము భరించగలిగినది పెద్ద సంస్థలే. చిన్న అంగడికి దక్కినవి కరపత్రం, గోడ రాత, సినిమా హాలులో విరామ సమయపు స్లైడు మాత్రమే. నేడు ప్రతి అంగడి గల్లాపెట్టె పక్కన కెమెరా ఉన్న ఫోను ఒకటి ఉన్నది. లేనిది దానిని వాడుకునే క్రమశిక్షణ.

ఆ క్రమం కష్టమైనది కాదు. చిత్రీకరణకు ముందు చెప్పదలచిన సంగతిని ఒక్క వాక్యంలో కాగితం మీద వ్రాసుకోవాలి. ఒక వీడియోకు ఒకే సంగతి. పది రకాల చీరలను హడావిడిగా చూపిన దానికంటే, ఒక్క చీర అంచును వెనుకకు తిప్పి నేత చూపినది గుర్తుండిపోతుంది. చూపరి నిలిచేదీ, దాటిపోయేదీ మొదటి రెండు మూడు క్షణాలలోనే. కనుక అంగడి పేరుతోనో, దేవుని పటంతోనో కాక సరుకుతోనే ఆరంభించాలి. ముప్పది, నలువది సెకన్లు చాలును.

వెలుతురు కొననక్కరలేదు. ఉదయం అంగడి తలుపు తెరిచిన వేళ వీధి వైపు నుండి పడే మెత్తని కాంతి ఏ దీపానికీ తీసిపోదు. వెలుగు సరుకు మీద పడాలే గాని కెమెరా కంటిలో పడరాదు. కంటి అద్దాన్ని మెత్తని గుడ్డతో తుడవాలి. చేయి వణకకుండా ఫోనును స్టాండు మీదనో, లెక్క పుస్తకాల దొంతి మీదనో నిలపాలి. ఫోనులో చూసేవారి కొరకైతే నిలువుగా, టీవీ తెర కొరకైతే అడ్డంగా తీయాలి.

సొమ్ము వెచ్చించవలసినది ఏదైనా ఉంటే అది శబ్దం మీద. బొమ్మ కొంచెం మసకైనా జనం ఓర్చుకుంటారు, మాట వినబడకపోతే ఓర్చుకోరు. తోపుడు బండ్లు, హారన్లు మోగే ఈ వీధులలో చొక్కాకు తగిలించే చిన్న మైకు తప్పనిసరి. రద్దీ మొదలుకాక ముందే చిత్రీకరణ ముగించడం ఖర్చులేని ఉపాయం. చాలామంది శబ్దం ఆపివేసి చూస్తారు కనుక ముఖ్యమైన మాటలను తెర మీద అక్షరాలలో చూపాలి. ధర, చిరునామా, దగ్గరి గుర్తు, ఫోను నంబరు చివర స్పష్టంగా ఉండాలి. నెల్లూరు, చిత్తూరు వైపు నుండి పెళ్ళి బట్టలకు వచ్చే కుటుంబాల కొరకు తెలుగులోనూ, పొరుగువారి కొరకు తమిళంలోనూ వేర్వేరుగా తీయడం మేలు. ఆ తెలుగు కూడా అరువు మాటల తెలుగు కాక, కొట్టులో బేరమాడే తెలుగే కావాలి.

నటులు అవసరం లేదు. ముప్పై ఏండ్లుగా గజంకొలబద్ద పట్టిన చేతులకన్న నమ్మదగిన నటుడెవరు? అయితే కొనుగోలుదారు ముఖం చూపాలంటే ఆయన అనుమతి, పిల్లలను చూపాలంటే తల్లిదండ్రుల అనుమతి తీసుకొనుట మర్యాద. సినిమా పాటను అనుమతి లేకుండా వెనుక మోగించడం 1957 నాటి కాపీరైటు చట్టానికి విరుద్ధం. అంగడి సవ్వడులే మంచి సంగీతం: కత్తెర చప్పుడు, కాగితం గలగల, నూనెలో వేగే అప్పడం.

అన్నింటికన్న ముఖ్యమైనది సత్యం. కలనేత బట్టను అచ్చమైన పట్టు అని చూపడం తేలిక, ఒకసారి పోయిన నమ్మకాన్ని తిరిగి తెచ్చుకోవడం కష్టం. రోగాలను అద్భుతంగా నయం చేస్తామనే ప్రకటనలను 1954 నాటి చట్టమే అరికట్టింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదారి పట్టించే ప్రకటనకు తొలిసారి 10 లక్షల రూపాయల వరకు, మళ్ళీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా విధించవచ్చు. చట్టానికి వెరచి కాదు, ఎదుటివాడు రేపు మళ్ళీ మెట్లెక్కి రావాలని నిజం చెప్పాలి. ఉచితంగా మందు పంచినవాడు నిలిచినది మందులో గుణం ఉన్నందువలననే. గుణం లేకుంటే ఆ పంపకమే అపకీర్తిని ఊరూరా మోసుకుపోయి ఉండేది.

ఈ పనిలో ఇంటి పిల్లలకూ పాత్ర ఉన్నది. తాతగారికి సరుకు తెలుసు, మనవరాలికి ఫోను తెలుసు. ఇద్దరూ ఒక ఆదివారం కలిసి కూర్చుంటే ప్రకటన సిద్ధమవుతుంది. అంతకు మించి, ఆ సరుకు ఎక్కడ పుట్టినదో, మంచిదేదో, నాసిదేదో మనవరాలికి తెలుస్తుంది. ఒక వాక్యంలో సూటిగా, నిజంగా, చక్కని తెలుగులో చెప్పడమే బడి నేర్పిన వ్యాసరచన. అది పరీక్షతో ముగియక అంగడిలో అక్కరకు వస్తే చదువు సార్థకమైనట్లే.

డెబ్బది అయిదేండ్ల ఈ విద్యాలయం వీధిలోని వర్తకుల ఆదరంతో నిలిచినది. ఆ అంగళ్ళు వర్ధిల్లాలి, ఆ ఇళ్ళ బిడ్డలతో ఈ తరగతి గదులు నిండి ఉండాలి.

స్వస్తి.