పాలబండి మీద ఏరియల్
(తొండుపల్లిలో పాల సంఘ సభ్యులకు ఇచ్చిన ప్రసంగ పాఠం)



1999 అక్టోబరులో ఒరిస్సాను పెను తుపాను ముంచెత్తి టెలిఫోన్లు మూగబోయినప్పుడు హామ్ రేడియోలు కబుర్లు చేరవేసినవి. అటువంటి రోజున మన పికప్ బండి పాలతోబాటు కబురునూ మోయగలదు. అందుకు ఏరియల్ సరిగా బిగించి ఉండాలి.

145 మెగాహెర్ట్జ్ సెట్టుకు ఏరియల్ పుల్ల సుమారు 50 సెంటీమీటర్లు ఉంటే చాలు. అయితే పుల్ల సగమే. మిగతా సగం దాని కింది ఇనుప రేకు. అందుకే క్యాబిన్ కప్పు నడుమ బిగించడం మేలు. బిగించేచోట రంగు గీకి, మెరిసే ఇనుము తగిలేలా చూడాలి. వెనుక తొట్టి అంచుకు బిగిస్తే, అక్కడినుంచి చాసిస్‌కు పొట్టిగా, వెడల్పుగా ఉన్న రాగి అల్లిక పట్టీ వేయాలి. బిగించాక పైన గ్రీజు పూస్తే తుప్పు పట్టదు.

బండిలో ఎర్తు అంటే చాసిసే, నేల కాదు. టైర్లు రబ్బరువి కదా! ఈ ఎర్తు పిడుగును ఆపదు. ఉరుములప్పుడు సెట్టు ముట్టరాదు.

మన పక్కన 2008 నుంచి విమానాశ్రయం ఉన్నది. విమానాల మాటలు 118–137 మెగాహెర్ట్జ్ మధ్య సాగుతాయి. మన సెట్టుకు అవి దగ్గరే. కాబట్టి లైసెన్సు లేనివారు మాట్లాడే మీట నొక్కరాదు. లైసెన్సు ఉన్నా హామ్ సెట్టులో పాల వ్యాపారం మాట్లాడరాదు. అది ఆపదలో సేవకూ పనికివస్తుంది.