తుఫాను రోజుల ముందే తెలుస్తుంది, మరి సాయంత్రం వాన ఎందుకు తెలియదు?

ఈరోజు ఒకే ఒక్క ప్రశ్న. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటింది. ఉత్తరాంధ్ర, ఒడిశా తీరాలకు రోజుల ముందే హెచ్చరికలొచ్చాయి, లక్షల మందిని సురక్షిత ప్రాంతాలకు తరలించారు. కానీ ఈరోజు సాయంత్రం వాన కూకట్‌పల్లిలో పడుతుందా, ఎల్బీనగర్‌లో పడుతుందా అంటే మాత్రం ఫోన్‌లో యాప్ తడబడుతుంది. ఎందుకని?

ముందు, మోడల్ అంటే ఏంటో చూద్దాం. గాలి ఎటు కదులుతుంది, వేడి ఎలా మారుతుంది, ఆవిరి ఎప్పుడు నీరవుతుంది, వీటన్నిటికీ ఫిజిక్స్‌లో సమీకరణాలున్నాయి. వాతావరణాన్ని గళ్లుగళ్లుగా విడగొట్టి, ఒక్కో గడికీ ఆ లెక్కలు చేస్తూ కొంచెం కొంచెంగా కాలాన్ని ముందుకు జరుపుతారు. 1950లో ఎనియాక్ కంప్యూటర్ మీద మొదటిసారి ఇలా చేసినప్పుడు, 24 గంటల సూచన లెక్కకట్టడానికి దాదాపు 24 గంటలు పట్టింది. అంటే సూచన వచ్చేసరికి ఆ రోజే అయిపోయింది!

ఇప్పుడు డబ్ల్యూఆర్ఎఫ్ అనే మోడల్‌ని ఎవరైనా ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. మన వాతావరణ శాఖ కూడా వాడుతుంది. కోడ్ తెరిస్తే ఎక్కువ భాగం ఫోర్ట్రాన్. మనం కాలేజీలో పాతదని పక్కన పెట్టేసిన భాషే.

ఇక అసలు కిటుకు గడి సైజులో ఉంది. గడి 12 కిలోమీటర్లనుకోండి. తుఫాను వందల కిలోమీటర్ల వెడల్పు ఉంటుంది కాబట్టి ఎన్నో గళ్లలో పరుచుకుంటుంది. పైగా దాన్ని నడిపించేవి అంతకన్నా పెద్ద గాలులు. మోడల్‌కి అది బాగానే కనిపిస్తుంది. సాయంత్రం ఉరుముల మబ్బు మాత్రం కొన్ని కిలోమీటర్లే. గడి లోపలే పుట్టి, గంటలో కురిసి పోతుంది. మోడల్‌కి ఆ మబ్బు విడిగా కనపడదు, గడి మొత్తానికి సగటున ఒక అంచనా వేస్తుంది, అంతే.

గడి చిన్నది చేయొచ్చు కదా? చేయొచ్చు. కానీ సగం చేస్తే గళ్లు నాలుగింతలు, కాలం అడుగు కూడా సగం చేయాలి, మొత్తం పని దాదాపు ఎనిమిదింతలు. 2025 మేలో ప్రారంభమైన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ 6 కిలోమీటర్లకు వచ్చింది. దాని వెనక పుణెలోని ‘అర్క’ లాంటి సూపర్‌కంప్యూటర్లున్నాయి.

ఇంకో చిక్కు కూడా ఉంది. 1961లో ఎడ్వర్డ్ లోరెంజ్ తన మోడల్‌ని మళ్లీ నడిపిస్తూ 0.506127 బదులు 0.506 అని టైప్ చేశాడు. కొంతసేపు రెండూ కలిసే నడిచి, తర్వాత పూర్తిగా వేరైపోయాయి. అందుకే ఇప్పుడు మొదలు కొంచెం కొంచెం మార్చి, మోడల్‌ని చాలాసార్లు నడిపిస్తారు. 50 సార్లలో 30 సార్లు వాన వస్తే, స్థూలంగా అదే మీరు చూసే 60 శాతం. 60 శాతం ఊరు తడుస్తుందని కాదు, 60 శాతం సేపు కురుస్తుందనీ కాదు.

మరి మనమేం చేయాలి? తుఫానప్పుడు మ్యాప్‌లో మధ్య గీత ఒక్కటే చూసి “మా ఊరి మీద లేదులే” అనుకోవద్దు. చుట్టూ ఉండే శంఖం ఆకారం చూడండి. అది కూడా తుఫాను కేంద్రం ఎటు వెళ్లొచ్చో మాత్రమే చెప్తుంది, గాలివానలు దాని బయటా ఉంటాయి. వేటకు వెళ్లే పడవకి ఈ తేడా ప్రాణాల మీదది.

కల్లంలో ధాన్యం ఆరబోశారా? పొద్దున చూసిన మబ్బు బొమ్మని నమ్ముకోకండి. మధ్యాహ్నం నుంచి వాతావరణ శాఖ సైట్‌లో డాప్లర్ రాడార్ చిత్రం, 3 గంటల ‘నౌకాస్ట్’ చూస్తూ ఉండండి. హైదరాబాద్, మచిలీపట్నం, విశాఖలో రాడార్లున్నాయి. మోడల్ ఊహించేది రాబోయే వానని, రాడార్ చూసేది ఇప్పటికే పుట్టిన వానని. టార్పాలిన్ కప్పడానికి ఆ కాస్త టైమ్ చాలు.

ఈ వీడియో మీ ఇంట్లో వ్యవసాయం చేసేవాళ్లకి చూపించండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం!