ఆయుష్షు: అల్లాహ్ అప్పగించిన అమానతు

స్తుతులన్నీ అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లమ్) పై శాంతి శుభాలు కురియుగాక!

ధార్మిక సోదరులారా! సముద్రంలోని దైవసూచనలను గురించి యోచించమని దివ్య ఖుర్‌ఆన్ మనలను పలుమార్లు పిలుస్తున్నది. ఒకే సముద్రంలో జీవించే రెండు ప్రాణులను నేడు పరిశీలిద్దాం.

గ్రీన్‌లాండ్ దీవి చుట్టూ ఉన్న అతిశీతల జలాల లోతుల్లో ఒక సొరచేప మెల్లగా సంచరిస్తుంది. 2016లో శాస్త్రవేత్తలు ఈ జాతికి చెందిన 28 చేపల కంటి కటకాలను పరీక్షించారు. వాటిలో అతి పెద్దదాని వయస్సు కనీసం 272 ఏళ్లని అంచనా వేశారు. అది ఏడాదికి ఒక సెంటీమీటరైనా పెరగదు. దాదాపు 150 ఏళ్లు గడిస్తేగాని పిల్లలను కనే ఈడుకు చేరదు.

అదే దీవి తీరపు రాళ్లపై మస్సెల్ అనే చిన్న ఆల్చిప్ప నివసిస్తుంది. దాని జీవితకాలమంతా కలిపినా ఆ సొరచేప బాల్యానికి సరిపోదు. అలల తాకిడికి కొట్టుకుపోకుండా అది సన్నని దారాలను తయారు చేసి తనను రాతికి బిగించుకుంటుంది. ఒక్కొక్క దారానికి కొన్ని నిమిషాలు చాలు. ఏ ఒక్క దారాన్నో నమ్ముకోదు. తెగినదాని స్థానంలో మరొకటి అల్లుకుంటుంది. నీటిని వడగట్టి ఆహారం తీసుకుంటూ, ఆ నీటిని తేటపరుస్తుంది.

రెంటికీ ఆయుష్షును నిర్ణయించినవాడు అల్లాహ్‌యే, ఉపాధినిచ్చేవాడూ ఆయనే. మరి మన ఆయుష్షు ఎంత? తన సముదాయం వారి వయస్సు సాధారణంగా అరవై, డెబ్బై ఏళ్ల మధ్య ఉంటుందని దైవప్రవక్త (స) తెలియజేశారు. అయినా మనం ఆ సొరచేపకున్నంత గడువు మనకూ ఉన్నట్లు ప్రవర్తిస్తున్నాము. పిల్లల పెళ్లిళ్లు అయ్యాక నమాజు, ఇల్లు కట్టుకున్నాక జకాత్, ఉద్యోగ విరమణ తరువాత తౌబా అంటున్నాము. తెగిన బంధుత్వాన్ని కలుపుకోవడానికి పండుగ రానిమ్మంటున్నాము. ఆ పండుగనాటికి మనముంటామని ఎవరు హామీ ఇచ్చారు?

సోదరులారా! నమాజుకు కొన్ని నిమిషాలు చాలు. అలిగిన అన్నకు సలాం చెప్పడానికి ఒక్క క్షణం చాలు. నిన్నటి నమాజు తప్పిపోతే నిరాశ చెందక, దానిని నెరవేర్చుకొని నేటి నమాజుకు నిలబడదాం. తెగిన దారం స్థానంలో కొత్త దారం అల్లుకుందాం. మన చుట్టూ ఉన్నవారి జీవితాలను కాస్త తేటపరుద్దాం. ప్రళయదినాన ఎన్నేళ్లు బ్రతికామన్నది కాదు, ఆ ఏళ్లను దేనిలో గడిపామన్నదే మనలను అడగడం జరుగుతుంది.

ఓ అల్లాహ్! మిగిలిన ఆయుష్షును నీ విధేయతలో గడిపే భాగ్యం మాకు ప్రసాదించు. ఆమీన్.