మరబోటు ఇంజిన్‌లో మానిఫోల్డ్ పని ఏంది?

బైక్ సైలెన్సర్ మార్చి సౌండ్ పెంచే వీడియోలు చాలానే చూసుంటారు. ఈరోజు సైలెన్సర్ కన్నా ముందుండే పార్ట్ చూద్దాం. అదీ బైక్‌లో కాదు, మన జువ్వలదిన్నె వైపు వేటకెళ్లే మరబోట్లలో.

ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజిన్ అనుకోండి. ఆరింటి పొగనీ కలిపి బయటికి పంపేదే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్. గొట్టమే కదా, అందులో డిజైన్ ఏముంది అంటారా? ఇంజిన్ నిమిషానికి 1800 సార్లు తిరిగితే ఒక్కో సిలిండర్ సెకనుకి 15 సార్లు పొగ కక్కుతుంది. మొత్తం 90. ధారలా రాదు, దెబ్బలు దెబ్బలుగా వస్తుంది. ఒకదాని దెబ్బ, వాల్వ్ ఇంకా తెరిచే ఉన్న పక్క సిలిండర్‌కి తగిలితే అందులో పాత పొగ పూర్తిగా బయటికి పోదు. కొత్త గాలికి చోటు తగ్గుతుంది, పవర్ పడిపోతుంది.

అందుకే 1, 2, 3 సిలిండర్లకి ఒక గొట్టం, 4, 5, 6కి ఇంకోటి పెడతారు. ఎక్కువగా వాడే ఫైరింగ్ ఆర్డర్ 1-5-3-6-2-4. వేళ్లమీద లెక్కేసుకోండి, ఏ గొట్టంలోనైనా దెబ్బకీ దెబ్బకీ మధ్య 240 డిగ్రీల గ్యాప్ వస్తుంది. భలే ఉంది కదా! టర్బో ఉన్న ఇంజిన్లలో ఇది బాగా పనికొస్తుంది.

ఇక వేడి. 60 సెంటీమీటర్ల పోత ఇనుము 400 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 2.5 మిల్లీమీటర్లు సాగుతుంది. సిలిండర్ హెడ్ అంత సాగదు. కదలనివ్వకుండా బిగిస్తే ఏదో ఒకటి పగలాల్సిందే. అందుకే బోల్టు రంధ్రాలు కాస్త వదులుగా ఉంచుతారు.

లారీకి ఎదురుగాలన్నా తగులుతుంది. బోటులో ఇంజిన్ ఉండేది డెక్ కింద, మూసిన గదిలో. అందుకే చాలా మెరైన్ ఇంజిన్లలో మానిఫోల్డ్‌కి రెండు గోడలు పెట్టి మధ్యలో నీళ్లు తిప్పుతారు. ఉప్పునీళ్లయితే ఇనుముని తినేస్తాయి. లోపలి గోడకి చిల్లు పడితే నీళ్లు సిలిండర్‌లోకే వెళ్లొచ్చు.

నాకు అంతకన్నా భయం ప్యాకింగ్ లీకంటే. పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికి రంగూ వాసనా లేవు. ఓవర్‌లోడ్ మీద నల్లపొగ కక్కే ఇంజిన్‌లో అది ఇంకా ఎక్కువ. రాత్రిళ్లు ఇంజిన్ గది పక్కనే పడుకున్నోళ్లకి తలనొప్పి, వాంతి వస్తే తిన్నది పడలేదేమో అనుకుంటారు. ఇద్దరు ముగ్గురికి ఒకేసారి వచ్చి, బయటిగాలికి తగ్గిందంటే మానిఫోల్డ్‌నే అనుమానించండి.

చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేయగానే టక్ టక్ మని, వేడెక్కాక ఆ శబ్దం తగ్గుతుందా? ఇంజిన్ ఆపి, చల్లారాక ఫోన్ టార్చ్ వేసి హెడ్‌కీ మానిఫోల్డ్‌కీ మధ్య జాయింట్ చూడండి. నల్లటి మసి చార ఉంటే ప్యాకింగ్ మార్చేదాకా ఆ పక్కన ఎవర్నీ పడుకోనివ్వద్దు.