పాండా పుస్తకం, పదో తరగతి పాఠం



సృష్టివాదానికీ పరిణామవాదానికీ మధ్య తగవు 1859లో డార్విన్ పుస్తకం వచ్చినప్పటి నుంచీ నలుగుతున్నదే. తీరిందనుకున్న ప్రతిసారీ కొత్త వేషం కట్టుకొస్తుంది. ఆ వేషాల్లో ఒకదాన్ని ఇవాళ కాస్త దగ్గరగా చూద్దాం.

అమెరికా అనగానే అందరూ 1925 నాటి టెనెసీ కేసు చెబుతారు. పరిణామం బోధించినందుకు జాన్ స్కోప్స్ అనే టీచరుకు 100 డాలర్ల జరిమానా వేశారు. నాటకంగా రక్తికట్టింది కానీ, శాస్త్రజ్ఞుల సాక్ష్యం జ్యూరీ చెవిన పడనే లేదు. నాకు డోవర్ కేసే నచ్చుతుంది.

డోవర్ పెన్సిల్వేనియాలో చిన్న ఊరు. 2004లో అక్కడి స్కూలు బోర్డు, తొమ్మిదో తరగతి పిల్లలకు పరిణామం పాఠానికి ముందు ఒక ప్రకటన చదివి వినిపించాలంది. డార్విన్ సిద్ధాంతంలో ఖాళీలున్నాయి, ‘ఇంటెలిజెంట్ డిజైన్’ (తెలివైన రూపకల్పన) అనే మరో వివరణ ఉంది, కావాలంటే ‘ఆఫ్ పాండాస్ అండ్ పీపుల్’ చూడండి అని దాని సారాంశం. సైన్సు టీచర్లు మేం చదవం పొమ్మన్నారు. అధికారులే క్లాసుకొచ్చి చదివారు. 11 మంది తల్లిదండ్రులు కోర్టుకెక్కారు.

ఆ పాండా పుస్తకం సంగతి చెప్పాలి. బడిలో పరిణామం చెబితే సృష్టివాదం కూడా చెప్పి తీరాలన్న లూసియానా చట్టాన్ని 1987లో సుప్రీంకోర్టు కొట్టేసింది. అప్పటికి పుస్తకం ఇంకా చిత్తుప్రతే. బార్బరా ఫారెస్ట్ అనే సాక్షి ఆ ప్రతులన్నీ పోల్చి చూశారు. మునుపు ‘క్రియేషనిస్ట్స్’ అని ఉన్నచోట తర్వాత ‘డిజైన్ ప్రొపొనెంట్స్’ వచ్చి కూర్చుంది. ఒకచోట మాత్రం పాతమాట తోకా తలా మిగిలిపోయి ‘సీడిజైన్ ప్రొపొనెంట్సిస్ట్స్’ అయింది. ఈ సభలో ప్రూఫులు దిద్దేవాళ్లు నవ్వుతున్నారు, నవ్వాల్సిందే.

కానీ కేసుకు ప్రాణం అది కాదు. కెన్నెత్ మిల్లర్ అనే జీవశాస్త్రజ్ఞుడు, నమ్మకమున్న క్యాథలిక్, మొదటి రోజే బోనెక్కి క్రోమోజోముల లెక్క చెప్పాడు. చింపాంజీకి, గొరిల్లాకు 24 జతలు, మనకు 23. అందరి పూర్వీకులూ ఒకరే అయితే ఆ ఒక్క జత ఏమైనట్టు? అంత జన్యుసామగ్రి ఊరికే పోతే ప్రాణి బతకదు. కాబట్టి రెండు క్రోమోజోములు అతుక్కుని ఉండాలి, అతుకు గుర్తు ఎక్కడో దొరకాలి. మన రెండో క్రోమోజోములో దొరికింది. కొసల్లో ఉండాల్సిన టెలోమియర్ వరుసలు నడిమధ్యన ఎదురెదురుగా ఉన్నాయి. క్రోమోజోముకు ఒక్కటే ఉండాల్సిన సెంట్రోమియర్లు ఇక్కడ రెండు: ఒకటి పనిచేస్తోంది, రెండోదాని శిథిలం అదే క్రోమోజోములో మరోచోట పడి ఉంది. దొరక్కపోయి ఉంటే సిద్ధాంతం చిక్కుల్లో పడేది. ఓడిపోయే వీలు పెట్టుకుని మరీ మాట్లాడింది, అదీ నాకు నచ్చింది.

అవతలి పక్షం సాక్షి మైకేల్ బీహీ, తానిచ్చిన నిర్వచనం ప్రకారం జ్యోతిషం కూడా శాస్త్రీయ సిద్ధాంతమే అవుతుందని క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఒప్పుకున్నాడు. బుష్ నియమించిన జడ్జి జాన్ జోన్స్ 2005 డిసెంబరు 20న 139 పేజీల తీర్పు రాసి, ఇంటెలిజెంట్ డిజైన్ సైన్సు కాదని తేల్చాడు. దేవుడు ఉన్నాడో లేడో ఆయన తేల్చలేదు. మిల్లర్ భక్తికి వచ్చిన లోటూ లేదు.

మన దగ్గర డార్విన్‌ను కాదనేవాళ్లకన్నా ‘మాకెప్పుడో తెలుసు’ అనేవాళ్లే ఎక్కువ. 2019 జనవరిలో జలంధర్ సైన్స్ కాంగ్రెస్‌లో ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపకులపతే దశావతారాలు డార్విన్‌ను మించాయన్న ధోరణిలో మాట్లాడారు. మత్స్యం, కూర్మం, వరాహం అన్న వరస చక్కటి ఊహే, కాదనను. కానీ అది మెట్ల వరస. పరిణామం కొమ్మలేసే చెట్టు. ‘కోతి నుంచి మనిషి వస్తే ఇంకా కోతులెందుకున్నాయండీ’ అని బస్సులో అడిగే మనిషి ఆ మెట్ల మీదే నిలబడి అడుగుతున్నాడు. నండూరి రామమోహనరావు గారు మానవ పరిణామ కథకు ‘నరావతారం’ అని పేరు పెట్టారు. పురాణాన్ని అట్ట మీద ఉంచి, లోపల సైన్సే చెప్పారు. అదీ తెలివంటే.

2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకం నుంచి పరిణామం పోయింది. పిల్లల మీద భారం తగ్గిస్తున్నామన్నారు. 1800 మందికి పైగా శాస్త్రవేత్తలు, అధ్యాపకులు అభ్యంతరం చెబుతూ సంతకాలు చేశారు. పన్నెండో తరగతి బయాలజీలో ఉంది కదా అంటారు. ఎంపీసీ, సీఈసీ తీసుకున్న పిల్లలు ఆ పాఠం ముఖమే చూడరు.

ఇంకొక్క మాట. తొలి ప్రాణి ఎలా పుట్టిందన్నది వేరే ప్రశ్న. 1953లో స్టాన్లీ మిల్లర్ కొన్ని వాయువుల్లోకి విద్యుత్తు పంపి అమైనో ఆమ్లాలు రాబట్టాడు. అక్కణ్నుంచి జీవకణం దాకా దారి ఇంకా తెలియదు. ఆ సంగతి దాచకుండా రాయాలి. దాస్తే అవతలివాడికి మనమే ఆయుధం ఇచ్చినట్టు.

మధ్యాహ్నం సమావేశానికి నాదొక మనవి. రెండో క్రోమోజోము అతుకు కథ పదో తరగతి పిల్లకు అర్థమయ్యేలా రెండు పేజీల్లో రాసుకురండి. దేవుణ్ణి తిట్టొద్దు, అవతారాలను అరువు తేవొద్దు. బాగున్నవి ఏరి చిన్న పుస్తకం వేద్దాం. ఖర్చు సంగతి కోశాధికారి గారు చూస్తారు.