నెల్లూరు దాకా వెళ్ళిన సైకిలు

(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మరపురాని ప్రయాణం గురించి పది నిమిషాలు మాట్లాడమని కార్యదర్శి గారు ఆదేశించారు. నాకంటే ముందు మాట్లాడిన పెద్దలు కాశీ, బదరీ యాత్రల విశేషాలు చక్కగా చెప్పారు. నేను చెప్పబోయేది మాత్రం పూర్తికాని యాత్ర.

1979లో నాకు 29 ఏళ్ళు. విజయవాడలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో ఎస్టాబ్లిష్‌మెంటు గుమాస్తాను. సైకిల్ అడ్వాన్సుతో సైకిలు కొన్నాను. నెలనెలా జీతంలో వాయిదా కోత పడుతూనే ఉంది. ఆ సైకిలు మీద కన్యాకుమారి వెళ్ళాలని నాకూ, మా ఆఫీసు టైపిస్టు మిత్రుడికీ కోరిక పుట్టింది. పదకొండు వందల కిలోమీటర్ల పైమాటే. రోజుకు 70 చొప్పున లెక్క వేసుకుని, ఇద్దరం ఆర్జిత సెలవు పెట్టాం.

గుడివాడలో ఉన్న మా నాన్నగారికి ఇది బొత్తిగా నచ్చలేదు. "ఆలుబిడ్డలున్నవాడివి, రోడ్లు పట్టుకు తిరగడమేమిట్రా?" అని కేకలేశారు. నేను వినలేదు. మా ఆవిడనూ, పసిపిల్లనూ అక్కడే దించి వచ్చేశాను.

ఇక్కడ ఒక సంగతి మనవి చేయాలి. సెలవు దరఖాస్తులో "సెలవు కాలంలో చిరునామా" అని ఒక గడి ఉంటుంది. అది ఖాళీగా వదిలిన వాళ్ళ కాగితాలు నిర్దాక్షిణ్యంగా తిప్పి పంపే గుమాస్తాను నేనే. అలాంటివాణ్ణి, నా దరఖాస్తులో ఆ గడిలో "సైకిలు యాత్రలో" అని రాశాను. సూపరింటెండెంటు గారు నవ్వి సంతకం పెట్టారు. ఒంగోలు, నెల్లూరు హెడ్ పోస్టాఫీసుల్లో పోస్టుమాస్టరు గారి కేరాఫ్ ఉత్తరం వేయమని మా ఆవిడకు మాత్రం చెప్పాను.

జనవరి 22, సోమవారం తెల్లవారుజామున ప్రకాశం బ్యారేజీ దాటాం. మంగళగిరి, గుంటూరు మీదుగా ఆ రాత్రికి చిలకలూరిపేట. అప్పటి 5వ నంబరు జాతీయ రహదారి, ఇప్పుడు దాన్నే 16వ నంబరు అంటున్నారు, ఒంటి రోడ్డు. ఎదురుగా లారీ వస్తే సైకిలు మట్టిలోకి దిగాల్సిందే. మంగళవారం మార్టూరు, మేదరమెట్ల దాటి ఒంగోలు చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. ఒక సహోద్యోగి బంధువుల ఇంట్లో పడుకున్నాం.

మర్నాడు పోస్టాఫీసు తెరిచేదాకా ఆగాలి కదా? ఆగలేదు. ఎండ ముదరక ముందే బయలుదేరాలన్నది పైకి చెప్పుకున్న కారణం. అసలు కారణం వేరు. ఉత్తరం వచ్చి ఉంటే అందులో నాన్నగారి చివాట్లు ఉంటాయని నా జంకు. బుధవారం రాత్రి కావలి. గురువారం సాయంత్రం నాలుగింటికి పెన్నా వంతెన దాటి నెల్లూరు చేరాం. మర్నాడు రిపబ్లిక్ డే సెలవు గనుక అప్పుడే పోస్టాఫీసుకు వెళ్ళాను. కిటికీలోంచి టెలిగ్రాం చేతికిచ్చారు. నాన్నగారికి ప్రమాదంగా ఉంది, వెంటనే రమ్మని. ఇది రెండవ టెలిగ్రాం. మొదటిది మంగళవారం మధ్యాహ్నమే ఒంగోలు చేరి, నా కోసం అక్కడ కూర్చుని ఉంది.

మిత్రుడు ఒక్క మాట మాట్లాడలేదు. నన్ను రాత్రి బండి ఎక్కించాడు. తర్వాత రెండు సైకిళ్ళూ బ్రేకు వాన్‌లో వేయించుకుని తనూ వెనక్కి వచ్చేశాడు. నా మూలాన అతని యాత్ర కూడా ఆగిపోయింది.

శుక్రవారం పొద్దున ఇల్లు చేరాను. మంగళవారం ఉదయం నాన్నగారికి పక్షవాతం వచ్చింది. రెండు రోజులు ముద్దముద్దగా నాలుగు మాటలు వచ్చాయట. గురువారం మళ్ళీ వచ్చి, ఉన్న మాటా పోయింది. ఆ రెండు రోజులూ ఏమన్నారని మా ఆవిడను అడిగాను. "తిట్టలేదండీ. వాడెంతదాకా వెళ్ళాడని అడిగారు" అంది.

మా బావమరిది విజయవాడలో మా ఆఫీసుకు పరుగెత్తి నా చిరునామా అడిగాడట. కాగితంలో ఉన్నది "సైకిలు యాత్రలో". ఒంగోలులో దిగే ఇంటి చిరునామా ఆ గడిలో రాసి ఉంటే, ఎవరిచేతనైనా ఆ రాత్రే కబురు చేరేది. బుధవారానికి నేను ఆయన మంచం పక్కన ఉండేవాణ్ణి.

నాన్నగారి దగ్గర కూర్చుని, "నెల్లూరు దాకా వెళ్ళాను నాన్నగారూ" అన్నాను. ఎడమ చేత్తో నా చెయ్యి పట్టుకున్నారు. ఎనిమిది నెలలు అలాగే ఉండి వెళ్ళిపోయారు. రిటైరయ్యాక మా ఆవిడా నేనూ రైల్లో కన్యాకుమారి చూసి వచ్చాం. సైకిలు మీద మాత్రం మళ్ళీ ఆ దారి పట్టలేదు.

సోదరులారా, టెలిగ్రాం 2013 జులైలో ఆగిపోయింది. ఇప్పుడు అందరి జేబులోనూ సెల్‌ఫోను ఉంది. అయితే దానికి చార్జింగు అయిపోవచ్చు, సిగ్నలు అందకపోవచ్చు. కనుక తీర్థయాత్రకు వెళ్ళినా, పిల్లల ఊరికి వెళ్ళినా, ఏ రోజు ఎక్కడ దిగుతారో, ఏ మందులు వాడుతున్నారో ఒక కాగితం మీద రాసి ఇంట్లో పెట్టి వెళ్ళండి. పెన్షను పుస్తకం ఎక్కడుందో కూడా అందులో రాయండి.

మరొక మాట. మూతి వంకర పోయినా, ఒక పక్క చెయ్యి లేవకపోయినా, మాట తడబడినా తెల్లారనిద్దామని ఆగవద్దు. మా నాన్నగారి రోజుల్లో లేని 108 అంబులెన్సు మన రాష్ట్రంలో 2005 నుంచి ఉంది. రక్తపు గడ్డ కరిగించే ఇంజక్షను అందరికీ పనికిరాకపోవచ్చు గాని, పనికివచ్చే వారికి సాధారణంగా నాలుగున్నర గంటల లోపలే ఇవ్వాలంటారు వైద్యులు.

 మీ సెలవు చీటీలో ఆ గడి ఖాళీగా ఉంచవద్దని పాత గుమాస్తాగా మరొకసారి కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.