బీబీసీ మైక్రోకు మాట నేర్పడం
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కమిటీ వారు నాకు పది నిమిషాలిచ్చారు. "సాంకేతిక రంగం – మన బడి" అని అంశం కూడా ఇచ్చారు. అది పది నిమిషాల్లో ఇమిడేది కాదు గనక, పాత సామాను గదిలో ఉన్న ఒక యంత్రం గురించి మాట్లాడతాను. ఆ గది ఖాళీ చేసి స్మార్ట్ క్లాసు పెట్టాలని తీర్మానం ఉంది. చాలా మంచి పని. అందులో ఉన్న బీబీసీ మైక్రోలన్నిటినీ తుక్కు కింద ఇచ్చేయాలని కూడా అదే తీర్మానంలో ఉంది. ఒక్కదాన్ని ఉంచండి అని అడగడానికే లేచి నిలబడ్డాను.

ఈ తరం పిల్లల కోసం రెండు ముక్కలు. 1984-85లో కేంద్ర ప్రభుత్వం 'క్లాస్' అనే పథకం పెట్టి, మొదట సుమారు 250 బడులకు ఈ కంప్యూటర్లు పంపింది. మన బడికి ఆ తర్వాతి విడతలో వచ్చాయి. బ్రిటన్‌లో ఎకార్న్ కంపెనీ రూపొందించిన యంత్రం. మెమరీ 32 కిలోబైట్లు. ఇవాళ మీ ఫోనులో ఒక చిన్న ఫొటో కూడా అందులో పట్టదు. దాని మీద మేము బేసిక్ నేర్చుకున్నాం, మాష్టారు చూడనప్పుడు ఆటలాడాం. వెనక వైపు ఐదు పిన్నుల సాకెట్ ఒకటి ఉండేది, ఆర్‌ఎస్ 423 అని రాసి. మా కాలంలో దానికి తీగ తగిలించిన పాపాన ఎవరూ పోలేదు. ఆ సాకెట్‌కు కావలసింది మోడెమ్. మోడెమ్‌కు కావలసింది ఫోను. ఫోను హెడ్మాస్టరు గారి గదిలో ఒక్కటే ఉండేది, డయల్‌కు తాళం కూడా ఉండేది. అవే రోజుల్లో బ్రిటన్‌లో మా ఈడు పిల్లలు ఇదే యంత్రాన్ని ఫోను లైనుకు తగిలించి, 1983లో మొదలైన మైక్రోనెట్ 800 అనే సేవ నుంచి ప్రోగ్రాములు దింపుకునేవారు.

మోడెమ్ చేసే పని అర్థం చేసుకోవడం కష్టం కాదు. ఫోను లైను మనిషి గొంతు కోసం వేసినది. దాని మీద ఒకట్లూ సున్నాలూ నేరుగా పోవు. అంచేత వాటిని కూతలుగా మారుస్తారు. 300 బాడ్ పద్ధతిలో ఫోను చేసినవాడి వైపు ఒకటికి 980 హెర్ట్జ్, సున్నాకు 1180. ఎత్తినవాడి వైపు 1650, 1850. శ్రుతులు వేరు గనక ఇద్దరూ ఒకేసారి మాట్లాడినా కలగాపులగం కాదు. అక్షరానికి ముందొకటి వెనకొకటి చేర్చి మొత్తం పది బిట్లు, అంటే సెకనుకు 30 అక్షరాలు. తెర మీద 25 వరసలు, వరసకు 40 అక్షరాలు. నిండు తెర రావడానికి అర నిమిషం పైనే పట్టేది. చదివేవాడికి అది చాలు.

గత రెండు నెలల్లో సెలవు రోజుల్లో ఇద్దరు తొమ్మిదో తరగతి అమ్మాయిలు, నేను కలిసి ఒక యంత్రాన్ని లేపాం. పాత యంత్రం దొరికితే వెంటనే స్విచ్ వేయకండి. దాని పవర్ సప్లైలో ఉండే ఫిల్టర్ కెపాసిటర్లు వయసు మీరి పగులుతాయి, పొగ వస్తుంది. ముందు అవి మార్చాలి. మార్చాం.

ఆ తర్వాత వచ్చింది అసలు చిక్కు. యంత్రం బయటి ప్రపంచంతో మాట్లాడాలంటే కమ్యూనికేషన్ సాఫ్ట్‌వేర్ కావాలి. అప్పట్లో పేస్ కంపెనీ వారి కామ్‌స్టార్ లాంటివి చిప్‌లో వచ్చేవి, లోపలి సాకెట్‌లో గుచ్చుకోవడమే. మా దగ్గర అది లేదు. ఫ్లాపీ లేదు. బయటినుంచి సాఫ్ట్‌వేర్ తెచ్చుకుందామంటే, తెచ్చుకోవడానికి కూడా ఆ సాఫ్ట్‌వేరే కావాలి. పెళ్లయితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్లి కాదు అన్న సామెత లాగా.

దీనికి ఆ యంత్రంలోనే విరుగుడు ఉంది. 'స్టార్ ఎఫ్ఎక్స్ 7' అనే ఆదేశంతో వినే వేగం, '8'తో పలికే వేగం చెప్పాలి. మేము రెండూ 1200 పెట్టాం. ఆ పైన 'స్టార్ ఎఫ్ఎక్స్ 2, 1' అంటే, అది కీబోర్డును వదిలేసి వెనక సాకెట్ నుంచి వచ్చే ప్రతి అక్షరాన్నీ ఎవరో టైపు చేస్తున్నట్టే తీసుకుంటుంది. లాప్‌టాప్ నుంచి బేసిక్ ప్రోగ్రామును మామూలు పాఠంలాగా వరస వెంట వరస పంపాం. ఎవరూ ముట్టుకోని కీబోర్డు ముందు తెర మీద అక్షరాలు వాటంతట అవే పడుతుంటే ఆ పిల్లలు కుర్చీ వెనక్కి జరిపారు! పంపే పాఠంలో చివరి వరస 'స్టార్ ఎఫ్ఎక్స్ 2, 0' ఉండాలి, కీబోర్డు తిరిగి మన చేతికి రావడానికి.

ఇప్పుడు టెలిఫోన్ మోడెమ్ బదులు అగ్గిపెట్టెంత వైఫై పలక వాడాం. పాత మోడెమ్‌కు ఇచ్చే ఆదేశాలనే దీనికీ ఇస్తాం. 1981లో హేస్ కంపెనీ తెచ్చిన పద్ధతి అది, 'ఏటీ' అన్న రెండక్షరాలతో మొదలవుతుంది. నంబరు ఉండే చోట ఇంటర్నెట్ చిరునామా ఇస్తాం, అంతే తేడా.

ఈ పనిలో తీగ కలపడం చిన్న ముక్క. పెద్ద ముక్క ఒప్పందం. వేగమెంత, అక్షరానికి బిట్లు ఏడా ఎనిమిదా, సరి చూసే బిట్ ఉందా లేదా, నా సంచి నిండుతుంటే నిన్ను ఎలా ఆపాలి? ఇవన్నీ ముందే కుదరాలి. ఒక్కటి కుదరకపోయినా తెర మీద పిచ్చి గీతలొస్తాయి. ఇవాళ మీ ఫోను కూడా ఇలాంటి ఒప్పందాలు సెకనులో ఎన్నో చేసుకుంటుంది, మనకు కనపడనివ్వదు. ఈ యంత్రం దాచదు. దీన్ని ఉంచమనడానికి నా కారణం అదొక్కటే. అద్దాల బీరువాలో పెట్టి దండ వేసేటట్టయితే మాత్రం తుక్కుకే ఇచ్చేయండి, నాకు అభ్యంతరం లేదు.

ఒక్క ఉదాహరణ. ఫైలు పంపడానికి ఎక్స్‌మోడెమ్ అనే పద్ధతి వాడాం. షికాగోలో వార్డ్ క్రిస్టెన్సెన్ అనే ఆయన 1977లో రాసింది. ఫైలును 128 బైట్ల మూటలుగా కట్టి, ప్రతి మూటకూ దానిలోని అంకెల కూడికను చేర్చి పంపుతారు. అవతలివాడు తానూ కూడి చూస్తాడు. లారీ దించేటప్పుడు ఇచ్చేవాడూ పుచ్చుకునేవాడూ చెరో లెక్క పెట్టుకున్నట్టు. లెక్క కలిస్తే 'అందింది', కలవకపోతే 'మళ్లీ పంపు'. ఇది చెబుతుంటే ఒకమ్మాయి అడిగింది: "సార్, రెండు అంకెలు ఒకదాని చోట ఒకటి పడితే కూడిక మారదు కదా, అప్పుడు తప్పు ఎలా తెలుస్తుంది?" తెలియదు. ఆ లోపం వల్లే తర్వాత సీఆర్‌సీ అనే గట్టి లెక్క తెచ్చారు. నాకు ఈ సంగతి ఇంజనీరింగ్ కాలేజీలో మేష్టారు చెబితే తెలిసింది. ఆమెకు మన పాత సామాను గదిలో తనంతట తానే తట్టింది. స్మార్ట్ క్లాసులో తెర మీద బొమ్మ చూస్తే ఈ ప్రశ్న వచ్చి ఉండేదా? సైన్సు మాష్టార్లు చెప్పాలి.

రెండో అమ్మాయి తెలుగు పడుతుందా అని అడిగింది. మనం గీసుకున్న అక్షరాలు 32 దాకా పెట్టుకోవచ్చు, ఒక్కోటి 8 చుక్కల చదరం. 'అ' అందులో ఇమడలేదు. నాలుగు చదరాలు కలిపి గీసింది. ఆ లెక్కన ఎనిమిది అక్షరాలకే చోటు. ఏ ఎనిమిది కావాలో ఇద్దరూ ఇంకా తేల్చుకోలేదు.

కమిటీ వారిని నేను అడిగేది ఒక బల్ల, ఒక ప్లగ్ పాయింటు, వారానికి ఒక పీరియడు. విడిభాగాల ఖర్చు మా బ్యాచి చూసుకుంటుంది.

భోజనాలయ్యాక ఫిజిక్స్ లాబ్‌కు రండి. యంత్రం పెట్టాం, ఏం టైపు చేయాలో ఆ పిల్లలే కాగితం మీద రాసి అంటించారు. మీరు కొట్టిన మాట ఎదుటి గదిలో లాప్‌టాప్ మీద పడుతుంది, అక్కడినుంచి జవాబు వస్తుంది. కుడి పక్క పైన 'బ్రేక్' అని ఒక కీ ఉంటుంది. దాన్ని మాత్రం ముట్టుకోకండి.